అడవి అంచున ఇల్లు, కార్చిచ్చు భయం: చెట్ల మీద గొడ్డలి వేసే ముందు ఇంటి గోడ దగ్గర చూడండి

మీరు అడిగినవి మూడు. ఇల్లు అడవి హద్దుకు ఆనుకుని ఉంది కాబట్టి చుట్టూ ఎన్ని మీటర్ల మేర చెట్లు కొట్టించాలి? హద్దు వెంట కందకం తవ్విస్తే నిప్పు ఆగుతుందా? ఒక మోటారు, పొడవాటి పైపు సిద్ధంగా పెట్టుకుంటే ఇల్లు దక్కుతుందా? నేను అగ్నిమాపక పనిలో ఉండి, ఆ తర్వాత కార్చిచ్చు దాటిపోయిన చోట్ల ఏ ఇల్లు ఎందుకు కాలింది, దాని పక్కిల్లు ఎందుకు మిగిలింది అని పరిశీలించే పని చేశాను. మీ ప్రశ్నలు మూడూ అడవి వైపు చూసి అడిగినవి. జవాబు మాత్రం ఇంటి గోడ దగ్గర మొదలై, అక్కడి నుంచి బయటికి నడవాలి.

కార్చిచ్చు అనగానే మనకు కనిపించేది మంటలు వరసగా వచ్చి ఇంటి మీద పడే దృశ్యం. అలా కాలే ఇళ్లు లేకపోలేదు గానీ తక్కువ. ఎక్కువ ఇళ్లకు నిప్పు అంటేది గాలికి ఎగిరొచ్చే రవ్వల వల్ల. రవ్వలంటే పొయ్యిలోంచి చిటపటమని ఎగిరేవి కావు. మండుతున్న బెరడు ముక్కలు, పుల్లలు, కాయలు. పొగతో పాటు పైకి లేచి, గాలి బలంగా ఉంటే మంట కన్నా కిలోమీటర్ల ముందు వచ్చి పడతాయి. అవి ఇంటి మీద ఎండుటాకుల్లోనో, అటక కన్నంలోనో, గోడ పక్కన పెట్టిన కట్టెల మోపులోనో పడి, కాసేపు అణిగి ఉండి, తర్వాత అంటుకుంటాయి. 2018 నవంబరులో కాలిఫోర్నియాలోని ప్యారడైజ్ పట్టణాన్ని తుడిచిపెట్టిన, క్యాంప్ ఫైర్ అని పేరు పెట్టిన కార్చిచ్చులో 85 మంది చనిపోయారు, 18 వేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. ఆ ఫొటోలు వెతికి చూడండి. ఇల్లు పునాది వరకు బూడిదై ఉంటుంది, పక్కనే చెట్లు పచ్చగా నిలబడి ఉంటాయి. అక్కడ చెట్లు ఇంటిని కాల్చలేదు. ఇళ్లు రవ్వలకు అంటుకున్నాయి, ఒక ఇల్లు ఇంకో ఇంటిని కాల్చింది.

అమెరికా అటవీ శాఖ పరిశోధకుడు జాక్ కోహెన్ ఈ విషయం మీద జీవితకాలం పనిచేశాడు. 1990ల చివర్లో కెనడా ఉత్తర ప్రాంతంలో నిజమైన అడవికి కావాలని నిప్పు పెట్టి, చెట్ల చివళ్లు అంటుకునేంత పెద్ద మంటల ముందు చెక్క గోడలు నిలబెట్టి చూశారు. అడవికి 10 మీటర్ల దూరంలో ఉన్న గోడల్లో కొన్ని అంటుకున్నాయి. 20 మీటర్ల దగ్గరివి అంటుకోలేదు, కొద్దిగా కమిలాయి. 30 మీటర్ల దగ్గర కమిలిన గుర్తు కూడా లేదు. ఎంత భయంకరమైన మంటైనా ఒకే చోట ఎక్కువసేపు నిలవదు, ఆ చోట సన్నటి ఆకూ రెమ్మా ఒకటి రెండు నిమిషాల్లో కాలిపోతాయి. దూరం నుంచి వచ్చే వేడికి చెక్క అంటుకోవాలంటే అంతకన్నా ఎక్కువ సమయం కావాలి. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు సూటి జవాబు ఇది: సమతలం మీద ఉన్న ఇంటికి 30 మీటర్లు చాలు, అందులో కూడా చెట్లన్నీ కొట్టాల్సిన పని లేదు. వంద మీటర్లు బోడి చేసినా ఇంటి మీద ఎండుటాకులు అలాగే ఉంటే ఉపయోగం లేదు.

ఒక పని చేయండి. గట్టిగా గాలి వీచిన మర్నాడు ఇంటి చుట్టూ నెమ్మదిగా నడిచి, ఆకులు ఎక్కడెక్కడ పోగుపడ్డాయో చూసుకోండి. గుమ్మం మెట్టు గోడకు తగిలే మూల, కప్పు రెండు వాలులు కలిసే పల్లం, కిటికీ కింద చట్రం, కారు నిలిపే చోట లోపలి గోడ. ఇలాంటి చోట్లే ఉంటాయి. గాలి ఆకును తెచ్చి ఎక్కడ వదులుతుందో నిప్పురవ్వనూ సరిగ్గా అక్కడే వదులుతుంది. ఆ చోట్లన్నీ గుర్తుపెట్టుకుంటే మీ పని సగం తేలినట్టే. నేను పరిశీలనకు వెళ్లిన ఏ ఇంట్లోనైనా మొదట చేసేది ఇదే.

ఇక పైకప్పు. అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ, డబ్బు దీని మీదే పెట్టండి. గడ్డి కప్పు, ఆకు కప్పు, చెక్క పలకల కప్పు అయితే మిగతా జాగ్రత్తలు ఎన్ని తీసుకున్నా ఒక్క రవ్వ చాలు. కాంక్రీటు, రేకు, పెంకు మంచివే. పెంకుల విషయంలో మాత్రం ఒక సంగతి చాలామంది చూడరు. గుండ్రటి పెంకులైతే చూరు దగ్గర చివరి వరసలో ప్రతి పెంకు కిందా పిడికిలి పట్టేంత ఖాళీ ఉంటుంది. నిచ్చెన వేసుకుని టార్చి వేసి చూడండి. పిచ్చుకలు తెచ్చిన ఎండుగడ్డి, పీచు, ఈకలు, దూది అక్కడ కుక్కి ఉంటాయి. వాటి వెనకే కప్పు మోసే చెక్క వాసాలు. రవ్వ దూరడానికి దారీ, అంటుకోవడానికి ఎండుగడ్డీ, ఆ పైన వాసమూ ఒక్క జానెడు చోటులో అమరి ఉన్నాయన్నమాట. పెంకు పగలదు, కప్పు పైన మచ్చ కూడా ఉండదు, ఇల్లు లోపలి నుంచి కాలిపోతుంది. గూడులో పిల్లలు లేని కాలం చూసి శుభ్రం చేయించి, ఆ ఖాళీలను సిమెంటుతో మూయించండి. రేకుల కప్పులో కూడా ముడతల చివర్లు ఇలాగే తెరిచి ఉంటాయి, వాటినీ మూయించాలి.

చూరు వెంట వాననీళ్ల కోసం బిగించే కాలువ ఉంటే ఎండాకాలం అంతా అది ఖాళీగా ఉండేట్టు చూడండి. అందులో నిండిన ఆకు సరిగ్గా వాసాల పక్కనే మండుతుంది. ప్లాస్టిక్ కాలువైతే కరిగి, మండుతున్న ఆకుతో సహా గోడ పక్కన జారిపడుతుంది. వీలైతే లోహపు కాలువ పెట్టించండి. దాని మీద జాలీ మూత వేశాం కదా అని నిశ్చింతగా ఉండొద్దు, ఆకులు ఆ మూత మీదే పేరుకుంటాయి.

అటకకు, చూరుకు, ఎత్తు మీద కట్టిన ఇంటి నేల కిందికి గాలి ఆడేందుకు వదిలిన కన్నాలు రెండో ముఖ్యమైన విషయం. వాటిని పూర్తిగా మూసేస్తే లోపల చెమ్మ పట్టి చెక్క పాడవుతుంది, అందుకని మూయొద్దు. సన్నటి లోహపు జాలీ బిగించండి. కాలిఫోర్నియా నిబంధనల్లో జాలీ కన్ను 3 మిల్లీమీటర్లకు మించకూడదు, ఆస్ట్రేలియా ప్రమాణంలో 2 మిల్లీమీటర్లు. దోమల కోసం వేసే ప్లాస్టిక్ జాలీ ఈ పనికి రాదు, వేడి తగలగానే ముడుచుకుపోతుంది. సన్న జాలీకి దుమ్ము పట్టి గాలి ఆగిపోతుంది కాబట్టి అప్పుడప్పుడూ బ్రష్షుతో దులపాలి.

కిటికీ అద్దం పగలడం కూడా ఇల్లు పోవడానికి పెద్ద కారణం. గోడ అంటుకోకముందే వేడికి అద్దం చిట్లి రాలిపోతుంది, ఆ సందులోంచి రవ్వలు పరదాల మీద పడతాయి. అడవి వైపు కిటికీలకైనా టెంపర్డ్ అద్దం, అంటే వేడి చేసి గట్టిపరిచిన అద్దం, వేయించగలిగితే మంచిది. లేకపోతే బయట లోహపు తలుపులు బిగించి, అవసరమైనప్పుడు మూసుకునే ఏర్పాటు చేసుకోండి. కిటికీ కింద పూలపొద మాత్రం ఉండకూడదు. ఎంత చిన్నదైనా సరే.

అక్కడికే వస్తున్నాను. గోడ నుంచి మొదటి ఒకటిన్నర మీటరు, అంటే సుమారు అయిదు అడుగులు, ఇంటి చుట్టూ అంటుకునేది ఏదీ లేకుండా ఉంచాలి. ఈ పట్టీ గురించి చెప్పినప్పుడే ఎక్కువమంది మొహం మాడ్చుకుంటారు. గోడ వెంట పాకించిన తీగ, గుమ్మం పక్కన కొబ్బరి పీచు పట్టా, మొక్కల మొదట్లో పరిచిన చెక్కపొట్టు, చీపుర్లు, అట్టపెట్టెలు, ప్లాస్టిక్ కుర్చీలు, చెక్క బల్ల, వీటన్నిటికీ అక్కడే చోటు ఉంటుంది కదా. తీసేయండి. బదులుగా కంకర గానీ రాళ్లు గానీ సిమెంటు పలకలు గానీ పరిపించండి. రవ్వ గోడకు కొట్టుకుని కింద పడుతుంది, కింద అంటుకునేది లేకపోతే అక్కడే ఆరిపోతుంది. కాలిఫోర్నియాలో ఇంటి చుట్టూ 100 అడుగుల మేర శుభ్రంగా ఉంచాలన్న చట్టం ఎప్పటి నుంచో ఉంది. అది చాలదని 2020లో ఈ అయిదు అడుగుల పట్టీని ప్రత్యేక భాగంగా చేరుస్తూ ఇంకో చట్టం తెచ్చారు. అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసేది, అన్నిటికన్నా తక్కువ ఖర్చయ్యేది ఇదే అని నా గట్టి నమ్మకం.

చెక్క కంచె, వెదురు దడి ఉంటే అది ఇంటి గోడకు తగిలే చోట చూడండి. దూరంగా ఎక్కడో అంటుకున్న నిప్పును కంచె వత్తిలా ఇంటి దాకా తీసుకొస్తుంది. మొత్తం కంచె మార్చక్కర్లేదు. గోడకు తగిలే చివరి ఒకటిన్నర మీటరు ఇటుకతోనో ఇనుముతోనో కట్టించండి. 2021 డిసెంబరు 30న అమెరికాలోని కొలరాడోలో వచ్చిన మార్షల్ ఫైర్ అనే కార్చిచ్చులో వెయ్యికి పైగా ఇళ్లు పోయాయి. అక్కడ అంటుకున్నది దట్టమైన అడవి కాదు, ఎండిన గడ్డి మైదానం. ఆ గడ్డి, కంచెలు, పక్కపక్క ఇళ్లు, వాటికి తోడు పెనుగాలి. అడవి దూరంగా ఉంది, మధ్యలో గడ్డే కదా అని ధీమాగా ఉండేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఆ పట్టీ దాటాక సుమారు 10 మీటర్ల వరకు మొక్కలు, చెట్లు ఉండొచ్చు. విడివిడిగా ఉండాలి, అంతే. గడ్డి మంట పొదకు, పొద మంట కింది కొమ్మకు, కింది కొమ్మ మంట చెట్టు చివరికి అందకూడదు. గడ్డిని 10 సెంటీమీటర్లకు మించి పెరగనివ్వొద్దు. చెట్ల కింది కొమ్మలు నేల నుంచి రెండు మూడు మీటర్ల ఎత్తు వరకు కొట్టించండి. లేత చెట్టైతే దాని ఎత్తులో మూడో వంతు వరకే, అంతకు మించితే చెట్టు దెబ్బతింటుంది. పొద పైన చెట్టు కొమ్మ ఉంటే వాటి మధ్య పొద ఎత్తుకు మూడింతలు ఖాళీ ఉండాలి. ఇంటి కప్పు మీదికి వాలిన కొమ్మలు కనీసం మూడు మీటర్లు వెనక్కి తీయించండి. కట్టెల మోపు, పశువుల మేత, మిగిలిపోయిన కలప ఇంటి నుంచి 10 మీటర్ల అవతల ఉండాలి. గ్యాస్ ట్యాంకు చుట్టూ మూడు మీటర్లు నేల ఖాళీగా ఉంచాలి.

10 నుంచి 30 మీటర్ల మధ్య పని ఇంకా తేలిక. ఎండిన చెట్లు, కూలిన మానులు, గుట్టలు పడ్డ ఆకులు తీసేయండి. చెట్ల తలలు ఒకదానికొకటి తగలకుండా నాలుగింట ఒకటో రెండో పలచన చేయండి. పచ్చగా ఉన్న పెద్ద చెట్టును కొట్టొద్దు. అది గాలి వేగాన్ని తగ్గిస్తుంది, ఇంటి వైపు వచ్చే రవ్వల్లో కొన్నిటిని ఆపుతుంది, నేలను చల్లగా ఉంచుతుంది. అంతా నరికి బోడి చేస్తే ఎండ తగిలిన నేల మీద మొదట మొలిచేది గడ్డే. అది వేసవికి ఎండి, అడవి కన్నా తొందరగా అంటుకుంటుంది. వాలు నేలైతే వానలకు మట్టి కూడా కొట్టుకుపోతుంది. చెట్లంటే ఇష్టంతో చెబుతున్న మాట కాదిది, ఇంటి క్షేమం కోసమే చెబుతున్నాను. హద్దు అవతల భూమి మీది కాకపోతే అక్కడ కొమ్మ కూడా ముట్టొద్దు. ఆ భూమి ఎవరి ఆధీనంలో ఉందో వాళ్లను రాతపూర్వకంగా అడగండి. ముందుగానే తగలబెట్టేస్తే పోతుంది కదా అని సొంతంగా నిప్పు పెట్టే ఆలోచన అసలు వద్దు. కార్చిచ్చులు చాలావరకు మనుషుల చేతుల మీదుగా మొదలయ్యేవే.

వాలు గురించి మీరు ఏమీ చెప్పలేదు. ఇల్లు గుట్ట మీదో వాలులోనో ఉంటే పైన చెప్పిన దూరాలు కింది వైపు పెరగాలి. మంట ఎగువకు పాకేటప్పుడు ముందున్న గడ్డినీ చెట్లనూ ముందే ఎండబెట్టుకుంటూ వస్తుంది. వాలు ప్రతి 10 డిగ్రీలు పెరిగే కొద్దీ మంట వేగం దాదాపు రెట్టింపవుతుందని ఆస్ట్రేలియా అగ్నిమాపక సిబ్బంది వాడే లెక్క. 20 డిగ్రీల వాలు అంటే నాలుగింతలు. అలాంటి చోట దిగువ వైపు 30 మీటర్లు చాలవు, 50 నుంచి 60 మీటర్ల వరకు పలచన చేయాల్సి రావచ్చు. ఇల్లు దిగువ వైపు స్తంభాల మీద నిలబెట్టి ఉంటే ఆ కింది ఖాళీలో సామాను దాచొద్దు, వీలైతే గోడ కట్టి మూయించండి.

గడ్డి కోయడానికీ ఒక వేళ ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం, గాలి వీస్తుండగా యంత్రంతో కోయొద్దు. బ్లేడు రాయికి తగిలి లేచిన చిన్న మెరుపుకే గడ్డి అంటుకుంటుంది. తెల్లవారుజామున కోయండి, నీళ్ల బకెట్టు పక్కన పెట్టుకోండి. తెల్లవారి మంచుకు తడిగా ఉన్న గడ్డి, ఆకులు గాలి పొడిబారిన గంటలోపే మళ్లీ అంటుకునే స్థితికి వస్తాయి. పొద్దున తడిగా కనిపించిందని మధ్యాహ్నం చెత్త తగలబెట్టడం అందుకే ప్రమాదం.

కందకం సంగతి. నేల మీద నెమ్మదిగా, గాలి లేనప్పుడు పాకే మంటను కందకం గానీ మట్టి బాట గానీ ఆపుతుంది. అందుకని అది వృథా అనను. గాలితో వచ్చే మంటను ఆపదు, రవ్వలను అసలే ఆపదు. తవ్వించేదేదో ఫైరింజను వెళ్లగలిగే బాటలా, నాలుగు మీటర్ల వెడల్పున చేయించండి. పైన కొమ్మలు కూడా అంతే ఎత్తున కొట్టించి ఉంచండి. గేటు వెడల్పు, బండి వెనక్కి తిప్పుకునే చోటు, రోడ్డు మీద నుంచి కనిపించే ఇంటి నంబరు కూడా చూసుకోండి. తిరిగి రావడానికి దారి లేని సందులోకి సిబ్బంది బండి తీసుకురారు, తీసుకురాకూడదు కూడా.

మోటారు, పైపు. కార్చిచ్చు వచ్చినప్పుడు మొదట పోయేది కరెంటు. కరెంటు మోటారు అప్పుడు ఉన్నా లేనట్టే. డీజిల్‌దో పెట్రోలుదో పెట్టుకోవాలి. ట్యాంకు కాంక్రీటుది గానీ ఇనుపది గానీ అయి ఉండాలి, ప్లాస్టిక్‌దైతే నీళ్లున్న మట్టం వరకు కరిగిపోతుంది. నేల పైన వేసిన ప్లాస్టిక్ పైపూ అంతే, కాబట్టి పైపును నేలలో పూడ్చండి. ఇవన్నీ ఉన్నా వాటి అసలు ఉపయోగం మంట రాకముందు చుట్టుపక్కల తడపడానికి, వెళ్లిపోయాక మిగిలిన రవ్వలు ఆర్పడానికి. మంటకు ఎదురు నిలబడి పోరాడటానికి కాదు. ఊరంతటికీ ఒకే నీళ్ల లైను ఉంటే, ఇల్లు వదిలి వెళ్తూ కొళాయిలు తిప్పి వదిలేయొద్దు. అందరూ అలా చేస్తే ఒత్తిడి పడిపోయి సిబ్బంది పైపుల్లో నీళ్లు రావు.

మీ ఇంటికి పదిహేను మీటర్ల లోపు ఇంకో ఇల్లు ఉంటే వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడండి. చెట్టు మంట నిమిషాల్లో దాటిపోతుంది, కాలే ఇల్లు గంటకు పైగా వేడి కక్కుతూనే ఉంటుంది. మీరు ఎంత జాగ్రత్త పడినా పక్కవాళ్ల పాక అంటుకుంటే మీ కిటికీ అద్దాలు నిలవవు. ఆకులు ఊడ్చే పని, హద్దు మీది పొదలు కొట్టే పని కలిసి ఒకే రోజు పెట్టుకోండి. పక్కింట్లో ముసలివాళ్లు ఉంటే వాళ్ల కప్పు మీది ఆకులు మీరే దించండి. అది వాళ్లకెంత మేలో మీకూ అంతే మేలు.

చివరిగా మనుషుల సంగతి. 2009 ఫిబ్రవరి 7న ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో వచ్చిన బ్లాక్ సాటర్‌డే మంటల్లో 173 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది ఇళ్లలో ఉండగానే పోయారు. అప్పటిదాకా అక్కడ ఇచ్చిన సలహా, సిద్ధపడి ఉండి ఇంటిని కాపాడుకోండి లేదా ముందే వెళ్లిపోండి అని. ఆ తర్వాత విచారణ కమిషన్ వేశారు, అతి ప్రమాదకరమైన రోజుల్లో ముందే వెళ్లిపోవడమే క్షేమం అని సలహా మార్చారు. ఇక్కడ ముందే అంటే పొగ కనిపించాక అని కాదు. గాలి, ఎండ, పొడి వాతావరణం గురించి హెచ్చరిక వచ్చిన రోజు పొద్దున్నే. ఆలస్యంగా బయలుదేరి రోడ్డు మీద పొగలో చిక్కుకోవడం అన్నిటికన్నా ఘోరం. ముసలివాళ్లు, పసిపిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్లు ముందురోజే వెళ్లాలి. పశువులుంటే వాటిని ఎక్కడికి తోలాలో, ఎవరు తోలాలో వేసవికి ముందే అనుకుని ఉంచండి. ఆ గంటలో అనుకునే సమయం ఉండదు.

వెళ్లే ముందు కిటికీలు, తలుపులు అన్నీ మూయండి. పరదాలు తీసి, సోఫాలు గది మధ్యకు లాగండి. బయటి కుర్చీలు, పట్టాలు లోపల వేయండి. గ్యాస్ కట్టేయండి. దీపాలు వేసి ఉంచితే పొగలో సిబ్బందికి ఇల్లు కనిపిస్తుంది. ఒంటి మీద నూలు బట్టలు, పొడుగు చేతులు, కాళ్లకు తోలు చెప్పులో బూట్లో ఉండాలి. సింథటిక్ బట్ట వేడికి కరిగి చర్మానికి అంటుకుంటుంది.

మంట దాటిపోయి, సిబ్బంది వెళ్లొచ్చని చెప్పాక ఇంటికి తిరిగొస్తే లోపల కూర్చోవద్దు. అప్పటికి ఏమీ కానట్టు కనిపించిన ఇళ్లు కొన్ని గంటల తర్వాత అటకలోంచి అంటుకుని పోవడం చూశాను. టార్చి, నీళ్ల బకెట్టు, తడి గోనె పట్టుకుని అటక, చూరు, మెట్ల కింద, గాలి ఆకులు పోగు చేస్తుందని గుర్తుపెట్టుకున్న ప్రతి మూలా చూడండి. ఆ రాత్రంతా గంట గంటకూ ఒకరు లేచి చూసేట్టు వంతులు వేసుకోండి.